మూలనున్న మైకు పెట్టె

 

ఈ వారము మనము ఒక వస్తువు చరిత్రను ధ్యానించబోతున్నాము. అది మన మందిరాలలో చాలాచోట్ల బల్ల కింద, దుమ్ముపట్టిన గుడ్డ కప్పుకొని పడియున్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో దానిని మైకు పెట్టె అంటాము. పెట్టె ముందువైపున యాంప్లిఫయర్ అని రాసియుంటుంది. మైకులో పడిన చిన్న శబ్దమును పెంచి, బాకాలో నుండి ఊరికి వినిపించేది అదే. ఆ పాత పెట్టెను తుక్కు కింద అమ్మాలా, బాగుచేయాలా అనే ప్రశ్న ఈ మధ్య రెండు మూడు సంఘాలలో నా ముందుకు వచ్చినది. అమ్మవద్దు అనేదే నా అభిప్రాయము. ఎందుకో చెప్పాలంటే కొంచెము వెనుకకు వెళ్లాలి.

నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయము చూడండి. నీటి గుమ్మము ఎదుట మైదానములో జనులు ఏక మనస్సుతో కూడుకున్నారు. ఎజ్రా ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివాడు. అంతమందికి ఆయన గొంతు ఎలా చేరింది? ఆ పని కొరకే కొయ్యతో ఒక పీఠము చేయించారు. అంతటితో ఆగక, లేవీయులు జనుల మధ్య నిలిచి, చదివినదానికి అర్థము చెప్పారు. ఎత్తైన పీఠము ఒకటి, అర్థము చెప్పే మనుష్యులు కొందరు. ఆనాటి ఏర్పాటు అంతే. మన ప్రభువు కూడా ఒడ్డున జనము ఒత్తిడి చేస్తుండగా సీమోను దోనె ఎక్కి, దరి నుండి కొంచెము తొలగించమని చెప్పి, నీళ్ల మీద నుండి బోధించాడు. నీటి మీదుగా మాట బాగా సాగుతుందని చెరువుగట్టు మీద పెరిగిన ఎవరికైనా తెలుసు.

1739లో జార్జి విట్‌ఫీల్డ్ అనే సువార్తికుడు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వీధిలో నిలబడి ప్రసంగిస్తున్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ వినడానికి వచ్చి, మాట వినబడినంత దూరము నది వైపుకు వెనక్కి నడుచుకుంటూ వెళ్లాడు. తరువాత ఆ దూరమును బట్టి లెక్క కట్టి, ముప్పై వేలమందికి పైగా ఈయన మాట వినగలరని తేల్చాడు. ఫ్రాంక్లిన్ విశ్వాసము సంగతి ఎలాగున్నా, లెక్క మాత్రము శ్రద్ధగా చేశాడు. అయితే విట్‌ఫీల్డ్ వంటి గొంతు ఎందరికి ఉంటుంది? చాలామంది సేవకులు గొంతు చించుకొని, నలభై ఏండ్లకే బొంగురుపోయి మిగిలిపోయారు.

మన ప్రాంతానికి వస్తే, అమెరికా బాప్టిస్టు మిషనరీలు 1880లలోనే పాలమూరుకు వచ్చారు. మెన్నోనైట్ బ్రదరెన్ మిషనువారు హైదరాబాదులో పని మొదలుపెట్టి, 1906లో డి. ఎఫ్. బెర్గ్‌తోల్డ్ దొరగారి ద్వారా నాగర్‌కర్నూలులో స్థావరము ఏర్పరచారు. వనపర్తి తరువాత వచ్చింది. 1937లో మహబూబ్‌నగరు, గద్వాల స్థావరాలు బాప్టిస్టుల చేతినుండి వీరికి వచ్చాయి. అప్పుడు ఇదంతా నిజాము రాజ్యము. గద్వాల, వనపర్తి సంస్థానాలు ఆ రాజ్యములోనివే. (నేడు ఈ మూడు పట్టణాలు మూడు జిల్లాల కేంద్రాలు, 2016 అక్టోబరు 11 నుండి.) మిషనరీలు, వారితో మన బోధకులు, బైబిలు స్త్రీలు చలికాలములో ఎడ్లబండ్ల మీద డేరాలు వేసుకొని ఊరూరు తిరిగారు. చెట్టుకింద కూర్చున్న యాభైమందికి ఒక గొంతు సరిపోయేది.

ఆ రోజులలో ఊరంతటికి ఒక మాట చేరవేయాలంటే డప్పు కావాలి. శిస్తు కట్టాలన్నా, దొర వస్తున్నాడన్నా, చెరువు పనికి వెట్టికి రావాలన్నా చాటింపు వేయవలసినది మన పల్లె అవతలి వాడల మనుష్యులే. డప్పు వారిది, గొంతు వారిది, నడక వారిది. మాట మాత్రము పటేలుది, పట్వారీది. తరతరాలు ఇతరుల మాటను ఊరికి మోసినవారికి, ఊరు వినేటట్లు తమ మాట ఒకటి చెప్పుకొనే హక్కు లేదు. ఈ ప్రాంతపు సంఘాలలో అత్యధికులు ఆ వాడలనుండి వచ్చినవారే. ఈ సంగతి మరచిపోతే మైకు పెట్టె చరిత్ర మనకు అర్థము కాదు.

ఇక ఆ పెట్టె పుట్టుక. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ అనే ఆయన గాజు బుడ్డిలో మూడవ తీగ ఒకటి అమర్చాడు. బుడ్డిలోని గాలిని తీసివేసి, లోపలి తీగను వేడిచేస్తే విద్యుత్తు ఒకవైపు ప్రవహిస్తుంది. మధ్యలో జల్లెడవంటి తీగ పెట్టి, దానికి చిన్న శబ్దపు విద్యుత్తు తగిలిస్తే, పెద్ద ప్రవాహము ఆ చిన్నదాని చెప్పుచేతలలో నడుస్తుంది. మన జూరాల కాలువ తూమును ఊహించుకోండి. ఒక మనిషి చేతితో షట్టరు కొంచెము ఎత్తినా దించినా కాలువలో నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి. నీళ్ల బలము మనిషిది కాదు, కాని నీళ్లు ఆయన చేతిని అనుసరిస్తాయి. ఆ గాజు బుడ్డిని వాల్వు అని పిలవడము ఇందుకే.

డి ఫారెస్ట్ తండ్రి ఒక సంఘ కాపరి. బానిసత్వమునుండి విడుదలైన నల్లజాతివారి చదువు కొరకు అలబామా రాష్ట్రములో నెలకొల్పిన టల్లడేగా కళాశాలకు ఆయన అధ్యక్షుడుగా పనిచేశాడు. కుమారుడు కూడా కాపరి కావాలని ఆశపడ్డాడు. కుమారుడు కాపరి కాలేదు. ఆయన చేసిన బుడ్డి మాత్రము లోకమంతట ప్రసంగ పీఠముల పక్కకు చేరింది.

1915 క్రిస్మసు ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో జెన్సెన్, ప్రిడ్‌హామ్ అనే ఇద్దరు తమ లౌడ్‌స్పీకరుతో ఒక పెద్ద జనసమూహమునకు సంగీతము, ప్రసంగము వినిపించారు. వారు పెట్టిన పేరు మాగ్నవాక్స్. లాటిను భాషలో గొప్ప స్వరము అని అర్థము. 1919లో శాండియాగోలో అధ్యక్షుడు విల్సన్ ఆ పరికరముతో దాదాపు యాభై వేలమందితో మాట్లాడాడు. మన దేశములో స్వాతంత్ర్యోద్యమ సభలకు మోత్వానే కుటుంబమువారి మైకులు పనిచేశాయి. పాత ఫోటోలలో నాయకుల ముందున్న మైకు మీద చికాగో రేడియో అని కనబడుతుంది. పేరు అమెరికాది, కంపెనీ మనవారిది. 1940లో ఢిల్లీలో అహూజా కంపెనీ మొదలైంది. ఈనాటికీ మన పల్లెలలో అహూజా అంటే మైకు సెట్టే.

కరెంటు లేని ఊళ్లకు పన్నెండు వోల్టుల బ్యాటరీ మోసుకుపోవాలి. చార్జింగు అయిపోతే మళ్లీ పట్టణానికి పంపాలి. వాల్వుల తరువాత ట్రాన్సిస్టరు వచ్చింది (1947లో బెల్ ప్రయోగశాలలో అది పుట్టింది), దానితో బ్యాటరీ మీద సెట్టు నడపడము తేలికయింది. ఇంతలో రేడియో సువార్త కూడా మన ఇండ్లకు చేరింది. 1970 నుండి సీషెల్స్ దీవులలోని ఫెబా కేంద్రము, 1978 నుండి శ్రీలంకలోని పుత్తళము నుండి ట్రాన్స్ వరల్డ్ రేడియో తెలుగులో వాక్యము వినిపించాయి. సీషెల్స్ కేంద్రము 2003లో మూతపడింది.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నకు వస్తాను. వనపర్తికి దగ్గరలోని ఒక సంఘములో గత వేసవిలో కమిటీ కూర్చున్నది. యౌవనస్థులకు పెద్ద డీజే బాక్సులు కావాలి. పాత వాల్వుల సెట్టును తుక్కుకు వేస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మరు రాగికి కొంత ధర వస్తుందని ఒకరు లెక్క చెప్పారు. అప్పుడు వెనుక వరుసలోని ఒక వృద్ధురాలు లేచింది. "అయ్యగారూ, ఆ పెట్టె కొన్ననాడు మా అత్త వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టింది. మేం పస్తున్న దినం గూడ తీసింది. గది మొగుతాంటె మా వాడ మాట ఊరంత ఇన్నది. గిప్పుడు కిలోల లెక్కన అమ్ముతరా?" అన్నది. ఎవరూ జవాబు చెప్పలేదు. బాగవుతుందో లేదో చూద్దామని మాత్రము తీర్మానమైంది.

పట్టణములో పాత రేడియో మెకానిక్ ఒకాయన ఉన్నారు. ముస్లిం పెద్దమనిషి, అందరూ చాచా అంటారు. ఆయన చేసిన పనిని నేను రెండు దినములు పక్కన కూర్చొని చూశాను. ఇది మీలో చాలామందికి ఉపయోగపడుతుంది గనుక వివరముగా చెబుతున్నాను.

ఆయన మొదట అన్నమాట, "పాస్టర్ సాబ్, ప్లగ్గు పెట్టకుండ్రి." ఏండ్ల తరబడి పడియున్న సెట్టు పనిచేస్తుందో లేదో చూద్దామని నేరుగా ప్లగ్గులో పెట్టడమే అందరూ చేసే పని. లోపల కండెన్సర్లు అనే డబ్బాలు ఉంటాయి. వాటిలోని అల్యూమినియం రేకు మీద సన్నని పొర ఒకటి విద్యుత్తును ఆపుతుంది. సెట్టు వాడకపోతే ఆ పొర పలుచబడుతుంది. ఒక్కసారిగా పూర్తి కరెంటు తగిలితే డబ్బా వేడెక్కి, ఉబ్బి, పగులుతుంది, దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడా పోతుంది. ఎండిపోయిన డబ్బాలను ఎలాగూ మార్చాలి. బాగున్నవాటికి మాత్రము సిరీస్ బల్బు పెట్టి, కొంచెము కొంచెముగా వోల్టేజి పెంచుతూ పొరను తిరిగి కట్టనిస్తారు. "పస్తున్నోనికి ఒకేసారి పెట్టినంత పెడితె సస్తడు. గంజితోటి మొదలువెట్టాలె" అన్నాడు చాచా.

మూత విప్పగానే సాలెగూళ్లు, బొద్దింకల పెంటికలు, ఒక మూలన కందిరీగల మట్టిగూడు, ఎలుక కొరికిన వైరు. ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకొని, మెత్తని బ్రష్షుతో, బ్లోయరుతో మొదటి పూట అంతా దుమ్మే తీశాడు. నీళ్లు తగలనీయలేదు, కిరోసిన్ అసలే వద్దన్నాడు. నాకు 2 దినవృత్తాంతములు 29వ అధ్యాయము గుర్తుకు వచ్చినది. హిజ్కియా రాజు మందిరము తలుపులు తెరిపించినప్పుడు యాజకులు లోపలి అపవిత్రమైనదంతా ఆవరణములోనికి తెచ్చారు, లేవీయులు దానిని కిద్రోను వాగులో పారవేశారు. పదహారు దినములు పట్టింది. దహనబలి ఆ తరువాత! మనమేమో లోపల చెత్త పెట్టుకొని వాల్యూము పెంచమంటాము.

మూత లోపలివైపు వాల్వుల పటము అతికించియున్నది. ఏ గూటిలో ఏ వాల్వు పెట్టాలో దానిలో ఉంటుంది. పాత సెట్లలో ఆ కాగితము, దాని పక్కన పూర్వపు మెకానిక్కులు పెన్సిలుతో రాసిన తేదీలు దొరుకుతాయి. తుడిచేటప్పుడు వాటిని చింపకండి. యోషీయా కాలములో మందిరము బాగుచేస్తుండగానే హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరికినది కదా. బాగుచేయడానికి పూనుకోకపోతే అది ఆ దుమ్ములోనే ఉండేది.

తరువాత ఒక్కొక్క జబ్బు. గుయ్యిమనే మోత వస్తే కరెంటును వడగట్టే పెద్ద కండెన్సరు పోయినట్లు. గుండీ తిప్పినప్పుడు కరకరమంటే వాల్యూము కంట్రోలు లోపలి కార్బను పట్టీ మీద మురికి చేరినట్లు. దానిలోనికి క్లీనరు స్ప్రే కొట్టి గుండీని ఇరవైసార్లు ఇటు అటు తిప్పాడు, కరకర పోయింది. వాల్వుల కాళ్లకు, గూళ్లకు పట్టిన చిలుమును గీకాడు. రెండు పెద్ద వాల్వులు ఈఎల్34 రకమువి. వాటిలో ఒకదాని లోపలి రేకు ఎర్రగా కాలుతున్నది. వాల్వు చెడిపోయిందని నేననుకున్నాను. కాని దానికి ముందున్న పాత కాగితపు కండెన్సరు కారుతున్నందువల్ల వాల్వు మీద అక్కరలేని భారము పడుతున్నదట. కొద్ది రూపాయల కండెన్సరు మార్చగానే వాల్వు చల్లబడింది. కాలేది ఒకచోట, జబ్బు మరొకచోట. (సంఘ కమిటీలలో కూర్చునేవారికి ఇది కొత్త సంగతి కాదు.) ఆ రకము వాల్వులు నేటికీ రష్యా, చైనా, స్లొవేకియా దేశాలలో తయారవుతున్నాయి గనుక, పోయినా దొరుకుతాయి.

రెండు హెచ్చరికలు. వాల్వుల సెట్టు లోపల నాలుగు వందల వోల్టుల వరకు ఉంటుంది. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా కండెన్సర్లలో అది నిలిచియుంటుంది. తెలియని చేయి లోపలికి పోకూడదు. బాకా తగిలించకుండ వాల్వుల సెట్టును మోగించనూ కూడదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యము ఎర్తు. ఈ సెట్టుకు రెండు పిన్నుల పాత వైరు ఉన్నది. చాచా దానిని కోసి అవతల పారవేసి, మూడు పిన్నుల వైరు వేసి, పెట్టె ఇనుముకు ఎర్తు బిగించాడు. ఎర్తు లేని సెట్టు లోపల వైరు తెగి పెట్టెకు తగిలితే, కరెంటు మైకు గొట్టము దాకా వస్తుంది. 2005 అక్టోబరు 30న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము, వేకో పట్టణములో ఒక యౌవన కాపరి బాప్తిస్మపు నీళ్లలో నిలబడి మైకును పట్టుకోగానే విద్యుత్తు తగిలి చనిపోయాడు. ఆయనకు ముప్పై మూడు సంవత్సరాలు. అంత ధనిక దేశములో, అంత పెద్ద ఆరాధన మధ్యలో ఇది జరిగింది. మన మందిరాలలో మైకు పట్టుకుంటే చేయి జివ్వుమంటుంది అని నవ్వుతూ చెప్పుకుంటాము. నవ్వే సంగతి కాదు సహోదరులారా. ఈ వారమే ఎలక్ట్రీషియనును పిలిపించండి. నీళ్లలో నిలబడి వైరు ఉన్న మైకు పట్టుకోకండి.

ఇక డీజే బాక్సుల సంగతి. యౌవనస్థులతో నేను వాదించలేదు, ఒక లెక్క మాత్రము చెప్పాను. ముప్పై వాట్ల సెట్టు తీసి అరవై వాట్లది పెడితే శబ్దము రెండింతలు వినబడదు, మూడు డెసిబెల్సు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలుగా తోచాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. బాకాను సరియైన ఎత్తున, సరియైన దిక్కుకు కట్టితే ఆ ఖర్చు లేకుండానే మాట స్పష్టపడుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పౌలు బూర విషయము ఎత్తినప్పుడు, అది ఎంత గట్టిగా ఊదారని అడగలేదు. ధ్వని స్పష్టముగా లేకపోతే యుద్ధానికి ఎవడు సిద్ధపడతాడన్నదే ఆయన ప్రశ్న.

చట్టము కూడా మన సంఘాలు తెలుసుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండ లౌడ్‌స్పీకరు వాడకూడదు. రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు బహిరంగముగా వాడనే కూడదు. నివాస ప్రాంతములో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు. అదే సంవత్సరము ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక సంఘము మీదనే. మద్రాసులోని చర్చ్ ఆఫ్ గాడ్ (ఫుల్ గాస్పెల్) మీద ఇరుగుపొరుగు కాలనీవారు వేసిన వ్యాజ్యము అది. ఇతరుల ప్రశాంతతను చెరుపుతూ ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని, మైకులతోనే ప్రార్థన చేయాలని కూడా చెప్పదని న్యాయమూర్తులు అన్నారు. ఆ తీర్పు మనలను హింసించడానికి వచ్చినదని కొందరు సేవకులు అప్పట్లో బోధించారు. నాకు అలా తోచదు. పరీక్షకు చదువుకునే పిల్లవాడు, జ్వరముతో పండుకున్న ముసలితల్లి ఆ కాలనీలో కూడా ఉండియుంటారు. ఈ నియమము మనకూ, పక్క గుడికీ, మసీదుకూ, పెండ్లి బరాతుకూ ఒక్కటే.

అయితే యౌవనస్థుల పక్షమున కూడా ఒక మాట అనాలి. తాతలు వాడ మాటను ఊరికి వినిపించాలని ఆశపడినట్లే, వీరూ వినబడాలని ఆశపడుతున్నారు. ఆ ఆశ చెడ్డది కాదు. అరిచినా వినని ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ సాయంకాలము పెద్దలు ఇది కూడా ఆలోచించారు. డీజే బాక్సులు కొనే సొమ్ములో కొంత తీసి, పాత సెట్టుకు ఒక మంచి మైకు, రెండు కొత్త యూనిట్లు కొన్నారు. మిగిలినది పిల్లల ట్యూషను గదికి పెట్టారు.

చాచా కూలి తీసుకున్నాడు గాని, కండెన్సర్ల ఖర్చు తప్ప లాభము వేసుకోలేదు. పోయేటప్పుడు వాల్యూము గుండీ పక్కన పెన్సిలుతో ఒక గీత గీశాడు. అది దాటితే శబ్దము చీలుతుందట. ఆదివార ఆరాధనకు ఆ గీతకు ఇవతలనే సరిపోతున్నది. కండెన్సర్ల పొర మళ్లీ పలుచబడకుండ, వాడినా వాడకపోయినా నెలకొకసారి అరగంటసేపు బాకా తగిలించి సెట్టు వేసి ఉంచాలని చెప్పాడు. ఆ పని ఇద్దరు యౌవనస్థులకు అప్పగించారు. మొదటి శనివారము సాయంత్రము, ఏడు గంటలకు ముందు.